మే ఎండకు నిలిచే ఓవర్‌క్లాక్: ఒక రైజెన్ 5600ఎక్స్ కేస్ స్టడీ

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో యజమాని ఏప్రిల్ చివర్లో తన డెస్క్‌టాప్‌ను నా దగ్గరికి తెచ్చారు. ఎక్స్‌పోర్ట్ మొదలైన కాసేపటికి కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రాదు, హెచ్చరిక రాదు. రాత్రిపూట పెడితే అదే ప్రాజెక్టు సాఫీగా పూర్తవుతుంది; మధ్యాహ్నం పెడితే సగంలో ఆగిపోతుంది. అప్పటికే ఒక చోట ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) మార్పించుకున్నారు. డబ్బు ఖర్చయింది, జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఎస్ఎంపీఎస్ ఎందుకు మార్చి ఉంటారో ఊహించగలను. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతి రీస్టార్ట్ దగ్గరా కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనబడుతుంది. పేరులో పవర్ అని ఉండేసరికి చాలామంది కరెంటు సరఫరా లోపం అనుకుంటారు. ఆ నమోదు చెప్పేది ఒక్కటే: క్రిందటిసారి కంప్యూటర్ సరైన పద్ధతిలో షట్‌డౌన్ కాలేదని. ఎందుకు కాలేదో దానికి తెలియదు. దాని చుట్టుపక్కల ఇంకేం నమోదయ్యాయో చూడాలి. ఇక్కడ డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఈవెంట్ 18 లు వరసగా ఉన్నాయి. అంటే ప్రాసెసరే తనలో లోపం జరిగిందని చెప్పుకుంటోంది.

మెషీన్ వివరాలు ఇవి. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600ఎక్స్, మధ్యస్థాయి బీ550 మదర్‌బోర్డు, రెండు 16 జీబీ డీడీఆర్4 స్టిక్కులు, వాటి మీద రాసి ఉన్న వేగం 3600. నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్, ముందువైపు గాజు పలక ఉన్న క్యాబినెట్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. 2020 నవంబరులో వచ్చిన 5600ఎక్స్‌లో ఆరు కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు) ఉంటాయి. బేస్ వేగం 3.7 గిగాహెర్ట్జ్, బూస్ట్ (అవసరమైనప్పుడు తానే అందుకునే పై వేగం) 4.6. టీడీపీ (కూలర్ తట్టుకోవలసిన వేడి అంచనా) 65 వాట్లని పెట్టె మీద ఉన్నా సాకెట్ నుంచి 76 వాట్ల దాకా తీసుకునే అనుమతి దానికి ఫ్యాక్టరీలోనే ఉంటుంది. ఉష్ణోగ్రత పరిమితి 95 డిగ్రీలు.

బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు) తెరవగానే విషయం అర్థమైంది. ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేశారు, అంటే కంపెనీ నిర్ణయించినదానికంటే ఎక్కువ వేగంతో నడిచేలా మార్చారు. అన్ని కోర్లనూ 4.7 గిగాహెర్ట్జ్ దగ్గర బిగించి, వోల్టేజీ 1.4 దగ్గర స్థిరంగా పెట్టారు. లోడ్ పడినప్పుడు వోల్టేజీ కుంగకుండా ఆపే లోడ్ లైన్ కాలిబ్రేషన్ గరిష్ఠ స్థాయిలో ఉంది. మెమరీ మాత్రం 2133 దగ్గర నడుస్తోంది. ఇవన్నీ చేసింది యజమాని కొడుకు, బీటెక్ చదువుతున్న కుర్రాడు. చేసిన ప్రతి మార్పుకూ అతని దగ్గర కారణం ఉంది. వాటిలో ఒకటి నిజంగా ఆలోచింపజేసేది.

"మామూలుగా వాడేటప్పుడే 1.45 వోల్టులు చూపించేది కదండీ. అంటే కంపెనీయే అంత ఇస్తోంది. నేను 1.4 మాత్రమే ఇచ్చాను. ఇది ఇంకా తక్కువే కదా?"

వోల్టేజీ ఒక్కటే ప్రాసెసర్‌ను చంపదు

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది, సమాధానం మాత్రం చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. రైజెన్ 5000 ప్రాసెసర్లు ఏమీ మార్చకుండా వాడినా ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిచేస్తున్న క్షణాల్లో 1.45 దాటి వోల్టేజీ అడుగుతాయి. అది నిజమే. ఆ క్షణంలో ప్రవహించే కరెంటు తక్కువ, వేడి తక్కువ, అది ఉండే సమయం కూడా తక్కువ. కోర్లన్నీ పనిలోకి దిగగానే ప్రాసెసర్ తన వోల్టేజీని తానే 1.25 చుట్టుపక్కలకు దించుకుంటుంది. ఎంత కరెంటు దగ్గర, ఎంత వేడి దగ్గర ఎంత వోల్టేజీ భరించవచ్చో లెక్క వేసే వ్యవస్థ దానిలోనే ఉంది. స్థిరమైన వోల్టేజీ పెట్టగానే మనం ఆ కాపలాను తప్పించినట్టే. ఆరు కోర్లూ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు గంటల తరబడి 1.4 ఇవ్వడం, ఖాళీగా ఉన్నప్పుడు క్షణంపాటు 1.45 ఇవ్వడం వేర్వేరు విషయాలు.

నష్టం ఎలా జరుగుతుందో కూడా అతనికి చెప్పాను. చిప్ లోపలి రాగి దారులు నానోమీటర్లలో కొలిచేంత సన్నవి. వాటిలో కరెంటు సాంద్రత పెరిగితే ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు పరమాణువులు మెల్లగా జరుగుతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ జరుగుడు వేగంగా ముదురుతుంది. ఒక్కరోజులో ఏమీ కనబడదు. కొన్ని నెలల తరువాత నిన్నటిదాకా పనిచేసిన వేగానికి ఇవాళ మరికాస్త వోల్టేజీ కావలసి వస్తుంది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో బయటపడిన గొడవ ఇలాంటిదే: అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్‌లు క్రమంగా బలహీనపడ్డాయి. కంపెనీ కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించవలసి వచ్చింది. 2023లో కొన్ని రైజెన్ 7000 చిప్‌లు కాలిపోయినప్పుడు ఏఎమ్‌డీ ఎస్ఓసీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ వంటివి ఉండే భాగం) వోల్టేజీని 1.3 దగ్గర కట్టడి చేసింది. రెండు చోట్లా దోషి వోల్టేజీయే, వేగం కాదు.

ఇక లాభం సంగతి. ప్రాసెసర్ వాడే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్, 1.25 వోల్టుల నుంచి 4.7, 1.4కు వెళ్తే వేగం పెరిగేది నాలుగున్నర శాతం లోపు. విద్యుత్తు పెరిగేది లెక్క ప్రకారం 31 శాతం. వేడెక్కిన చిప్‌లో లీకేజీ (పనికి రాకుండా కారిపోయే కరెంటు) కూడా తోడవుతుంది కాబట్టి వాస్తవం ఇంకా ఎక్కువే. ఏసీ గదిలో అది నెట్టుకొచ్చింది. స్టూడియోలో మధ్యాహ్నం ఏసీ ఆగినప్పుడు గది 38 డిగ్రీలకు చేరేది, ప్రాసెసర్ 90 దాటేది. వేడి చిప్‌కు అదే వేగం నిలబెట్టుకోవడానికి మరింత వోల్టేజీ కావాలి, బిగించిన వోల్టేజీ మాత్రం పెరగదు. అందుకే రాత్రి పూర్తయ్యే ఎక్స్‌పోర్ట్ పగలు చచ్చిపోయేది.

పైగా బిగించిన 4.7 వల్ల ఒక కోర్ మాత్రమే పనిచేసే సందర్భాల్లో దొరికింది చాలా స్వల్పం. ఈ ప్రాసెసర్ అలాంటప్పుడు తనంతట తానే 4.65 దాకా వెళ్తుంది.

ముందుగా ఫ్యాక్టరీ స్థితి

బయోస్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తెచ్చి, కొత్త వెర్షన్ వేశాను. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ ముట్టుకోను. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. తరువాత ఏ మార్పూ లేకుండా ఒక రాత్రంతా కోర్‌సైక్లర్ నడిపాను. ఇది ప్రైమ్95 అనే స్ట్రెస్ టెస్టును ఒక్కో కోర్ మీద విడివిడిగా నడిపించే చిన్న స్క్రిప్టు. ఫ్యాక్టరీ స్థితిలోనే తప్పులు వస్తే చిప్ అప్పటికే దెబ్బతిన్నట్టు, ఆ కేసు అక్కడితో ముగిసేది. ఒక్క తప్పూ రాలేదు. కుర్రాడి ముఖంలో ఊరట కనిపించింది.

తరువాత మెమరీ. స్టిక్కులు 3600వి అయినా 2133 దగ్గర ఎందుకు ఉన్నాయి? రీస్టార్టులు మొదలైనప్పుడు అతను మెమరీని అనుమానించి ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (స్టిక్కుల మీద రాసి ఉన్న వేగంతో మెమరీని నడిపించే సెట్టింగు) తీసేశాడు. రైజెన్‌లో మెమరీ వేగంతో పాటే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే లోపలి రహదారి వేగం కూడా నడుస్తుంది. 3600 మెమరీకి ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 2133కు 1066 దగ్గరే. అంటే కోర్లను పైకి లాగుతూ వాటికి సరుకు అందించే దారిని కుదించేశారు. ఎడిటింగ్ టైమ్‌లైన్ అతని ఓవర్‌క్లాక్ తరువాత మందగించినట్టు అనిపించిందని యజమాని అన్న మాట ఊహ కాదు, నిజమే.

ఎక్స్ఎంపీ తిరిగి పెట్టాను. ఎస్ఓసీ వోల్టేజీని ఆటోలో వదిలితే కొన్ని బోర్డులు అనవసరంగా పెంచుతాయి, అందుకని 1.1 దగ్గర స్వయంగా పెట్టాను. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు తప్పు లేకుండా పూర్తయ్యాయి. ప్రాసెసర్ జోలికి వెళ్లే ముందే ఈ పని ముగించాలని నేను పట్టుబడతాను. మెమరీ తప్పు, ప్రాసెసర్ తప్పు బయటికి ఒకేలా కనబడతాయి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది చెడిందో ఎవరూ చెప్పలేరు.

గాలి

క్యాబినెట్ పక్క పలక తీసి అదే టెస్టు మళ్లీ పెడితే ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలు తగ్గింది. ఇంత తేడా వచ్చిందంటే కూలర్ బాగానే ఉంది, దానికి గాలి అందడం లేదని అర్థం. ముందున్న గాజు పలకకు పక్కన సన్నని చీలికలే ఉన్నాయి; ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ పీల్చడానికి చోటు లేదు. ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌లోకి మార్చాం. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత పేస్ట్ తుడిచి కొత్తది వేశాం. ఈ మొత్తం వ్యవహారంలో ప్రాసెసర్‌కు జరిగిన అసలైన మేలు ఇదేనని నా అభిప్రాయం. క్యాబినెట్ మార్చడానికి అయిన ఖర్చు ఎస్ఎంపీఎస్‌కు పెట్టినదానికంటే తక్కువ.

కొలత విషయంలో ఒక పద్ధతి పాటిస్తాను. ప్రాసెసర్ ఉష్ణోగ్రత విడిగా రాసుకోను, గది ఉష్ణోగ్రతతో తేడా రాసుకుంటాను. 26 డిగ్రీల గదిలో 70 చూపిస్తే తేడా 44. అదే లోడ్, అదే ఫ్యాన్ వేగం ఉంటే 40 డిగ్రీల గదిలో అది 84 దగ్గరికి వస్తుంది. ఏసీ గదిలో కూర్చుని మే నెలను లెక్కలోకి తీసుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం నాకు తెలియదు.

పరిమితులు మనమే గీయడం

ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్. స్థిర వేగం బదులు ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ వాడాను. వాడుకలో దీన్ని పీబీఓ అంటారు. ప్రాసెసర్ తన తెలివితోనే వేగం, వోల్టేజీ నిర్ణయించుకుంటుంది. మనం దాని హద్దులు మాత్రం జరుపుతాం. హద్దులు మూడు: మొత్తం విద్యుత్తుకు పీపీటీ, నిరంతర కరెంటుకు టీడీసీ, క్షణిక కరెంటుకు ఈడీసీ. ఫ్యాక్టరీ విలువలు 76 వాట్లు, 60 ఆంపియర్లు, 90 ఆంపియర్లు.

ఇక్కడ చాలామంది చేసేది మదర్‌బోర్డు పరిమితులు ఎంచుకోవడం. అలా చేస్తే బోర్డు వందల వాట్ల అనుమతి ఇచ్చేస్తుంది, అంటే ఆచరణలో హద్దే లేనట్టు. నేను స్వయంగా అంకెలు ఇచ్చాను. పీపీటీ 110 పెట్టి చూశాను, 95 పెట్టి చూశాను. రెంటి మధ్య సినిబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పరీక్ష) మార్కుల్లో తేడా ఒకటి రెండు శాతం, వేడిలో తేడా ఆరేడు డిగ్రీలు. 95 దగ్గర గదితో తేడా 43 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంది, అంటే 38 డిగ్రీల మధ్యాహ్నం 81. ఆ అంకె నాకు సమ్మతం. టీడీసీ 70, ఈడీసీ 100 ఇచ్చాను. ఉష్ణోగ్రత పరిమితిని 95 నుంచి 85కు దించాను. ఏ రోజైనా ఫ్యాన్‌కు దుమ్ము పట్టినా, గది ఇంకా వేడెక్కినా ప్రాసెసర్ అక్కడ వేగం తగ్గించుకుంటుంది.

స్కేలర్ అనే సెట్టింగ్‌ను ముట్టుకోలేదు. ఎక్కువ వోల్టేజీని ఎక్కువసేపు నిలుపుకునే అనుమతిని పెంచేది అదే. చిప్ ఆయుష్షుకు బదులుగా దొరికే ఆ చిటికెడు వేగాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. లోడ్ లైన్ కాలిబ్రేషన్ కూడా ఆటోకే తెచ్చాను. లోడ్ పడినప్పుడు వోల్టేజీ కొద్దిగా కుంగడం ఆ వ్యవస్థ తయారీలోనే ఉంది. దాన్ని బలవంతంగా చదును చేస్తే లోడ్ తొలగిన క్షణంలో వోల్టేజీ ఎగిరిపడుతుంది.

బూస్ట్ వేగానికి 200 మెగాహెర్ట్జ్ దాకా కలపవచ్చు. కుర్రాడు 200 కావాలన్నాడు. 100 దగ్గర ఆగాను, 4.75 చాలని.

ఈ పనులకు ముందు యజమాని చేత ఒక సంగతి ఒప్పించుకున్నాను. పీబీఓ ఏఎమ్‌డీ ఇచ్చిన సదుపాయమే అయినా దానివల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదు. ఆ హెచ్చరిక బయోస్‌లోనే కనబడుతుంది. అధికారిక మెమరీ పరిమితి 3200 కాబట్టి 3600 ఎక్స్ఎంపీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

కర్వ్ ఆప్టిమైజర్, తేలిక పనుల మోసం

ప్రతి వేగానికీ ఎంత వోల్టేజీ కావాలో ఒక పట్టిక ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ ఆ పట్టికను కోర్‌కు విడిగా కిందికో పైకో జరుపుతుంది. మైనస్ 30 నుంచి ప్లస్ 30 దాకా ఇవ్వవచ్చు. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, అదే 95 వాట్ల హద్దులో మరింత వేగం దొరుకుతుంది. వోల్టేజీ తగ్గించి వేగం పెంచుకునే ఈ దారి నాకు బాగా నచ్చుతుంది.

నెట్‌లో కనబడే సలహా: అన్ని కోర్లకూ మైనస్ 30 ఇచ్చి సినిబెంచ్ నడపండి, పాసైతే సరే. ఈ పరీక్ష ఏమీ నిరూపించదు. ఎందుకో ఓపికగా చూడాలి. సినిబెంచ్‌లో ఆరు కోర్లూ పూర్తి లోడ్‌లో ఉంటాయి, పవర్ హద్దు తగిలి వేగం 4.6 దగ్గర ఆగుతుంది. ఆ వేగానికి వోల్టేజీ కొంచెం తగ్గినా చిప్ భరిస్తుంది. అసలు ప్రమాదం పట్టిక పై అంచులో ఉంది. ఒకే కోర్ 4.75కు ఎగిరే క్షణం అది. అలాంటి క్షణాలు ఎప్పుడు వస్తాయి? బ్రౌజర్‌లో పేజీ తెరిచినప్పుడు, ఫోల్డర్ క్లిక్ చేసినప్పుడు, నిద్రలోంచి కంప్యూటర్ లేచినప్పుడు. గంటల తరబడి స్ట్రెస్ టెస్ట్ గెలిచిన మెషీన్ మర్నాడు ఉదయం ఈమెయిల్ తెరుస్తుండగా రీస్టార్ట్ అయ్యేది ఇందుకే. యజమానులు దాన్ని విండోస్ లోపమనో వైరస్ అనో అనుకుంటారు. ఓవర్‌క్లాక్‌ను అనుమానించరు, ఎందుకంటే అది పెద్ద పరీక్ష పాసైంది.

కాబట్టి పరీక్ష ఒక్కో కోర్‌కు విడిగా జరగాలి. అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టి కోర్‌సైక్లర్‌ను ఎస్ఎస్ఈ అనే తేలికపాటి ఆదేశాల పద్ధతిలో రాత్రంతా నడిపాను. ఏవీఎక్స్ అనే బరువైన ఆదేశాలు వాడితే వేడి ఎక్కువై వేగం పడిపోతుంది. ఎస్ఎస్ఈలో కోర్ తన గరిష్ఠ వేగం దగ్గర ఉంటుంది, మనకు కావలసింది అదే. నెగ్గిన కోర్‌ను రెండు మూడు మెట్లు కిందికి, తప్పిన కోర్‌ను పైకి తీసుకుంటూ పోవాలి. విసుగు పుట్టించే పని, దగ్గరి దారి లేదు. రీస్టార్ట్ అయితే ఈవెంట్ 18లో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అనే సంఖ్య ఉంటుంది. ఈ ప్రాసెసర్‌లో కోర్‌కు రెండు థ్రెడ్లు కాబట్టి ఆ సంఖ్యను రెండుతో భాగిస్తే ఏ కోర్ తప్పిందో తెలుస్తుంది. 4 లేదా 5 అంటే కోర్ 2, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

ఇక్కడ వింతగా అనిపించే సంగతి ఒకటుంది. అన్నిటికంటే మంచి కోర్లే తక్కువ తగ్గింపు భరిస్తాయి. ఫ్యాక్టరీలోనే వాటికి తక్కువ వోల్టేజీ పట్టిక రాసి పంపుతారు, పైగా తేలిక పనులన్నీ విండోస్ వాటికే అప్పగిస్తుంది. ఈ చిప్‌లో మొదటి ర్యాంకు కోర్ మైనస్ 5 దగ్గర ఆగింది, రెండోది మైనస్ 8 దగ్గర. మిగిలినవి మైనస్ 12 నుంచి 20 దాకా వెళ్లాయి. ఈ అంకెలు ఈ ఒక్క చిప్‌వే. పక్క పెట్టెలోని 5600ఎక్స్‌కు పనికిరావు.

మరో జాగ్రత్త. వోల్టేజీ చాలకపోతే ప్రాసెసర్ వెంటనే తప్పు చేయకుండా లోపల్లోపల గడియారాన్ని సాగదీస్తుంది. తెరమీద 4.75 కనిపిస్తుంది, పని మాత్రం అంత జరగదు. ప్రాసెసర్ కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస చూస్తే గుట్టు బయటపడుతుంది. పూర్తి లోడ్‌లో ఈ రెండు అంకెలూ దాదాపు కలవాలి. కలవకపోతే మార్కులు కూడా పెరగవు.

స్ట్రెస్ టెస్టుల తరువాత మెషీన్‌ను ఏ పనీ లేకుండా రాత్రంతా వదిలేశాను, పదేపదే నిద్రపుచ్చి లేపాను, బ్రౌజర్‌లో వీడియో పెట్టి వదిలాను. ఆ తరువాతే స్టూడియోకు పంపాం. అక్కడ ఏసీ ఆపేసి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒక పెళ్లి వీడియో పూర్తి ఎక్స్‌పోర్ట్ పెట్టాం. ప్రాసెసర్ 82 దగ్గర నిలబడింది. ఎక్స్‌పోర్ట్ పూర్తయింది.

దక్కిందెంత

సినిబెంచ్ ఆర్23లో ఫ్యాక్టరీ స్థితిలో 11,000 చుట్టూ ఉన్న మార్కు 11,700 చేరింది, అంటే ఆరు శాతం మీద. ఒక్క కోర్ మార్కులో రెండు శాతం పైచిలుకు. కుర్రాడి ఓవర్‌క్లాక్ ఇచ్చిన మార్కుకు ఇది దగ్గర్లోనే ఉంది, అదీ తక్కువ వాట్లతో. యజమానికి రోజువారీ పనిలో తెలిసొచ్చిన వేగం మాత్రం ఎక్కువగా మెమరీ నుంచి వచ్చింది. ఎఫెక్టులు తక్కువగా ఉన్న ప్రాజెక్టుల్లో ఎన్‌కోడింగ్ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది, అక్కడ ప్రాసెసర్ వేగం పెరిగినా ఎక్స్‌పోర్ట్ సమయం దాదాపు మారదు. కలర్ గ్రేడింగ్, స్టెబిలైజేషన్ ఎక్కువ ఉన్నచోట తేడా కనబడింది. ఆ ఆరు శాతం కోసమే ఎవరైనా వస్తే, ముందు ఎక్స్ఎంపీ, గాలి చూసుకోండి, సగం పైగా అక్కడే తీరుతుందని చెబుతాను.

వేసవి, వానలు ఇబ్బంది లేకుండా గడిచాయి. డిసెంబరులో ఒక ఉదయం కుర్రాడు ఈవెంట్ వ్యూయర్ ఫోటో పంపాడు: ఈవెంట్ 18, ఏపీఐసీ ఐడీ 4. రాత్రంతా ఆగి ఉన్న కంప్యూటర్ చల్లటి గదిలో ఆన్ చేసిన కాసేపటికే రీస్టార్ట్ అయింది. చిప్ చల్లగా ఉన్నప్పుడు బూస్ట్ పై అంచును మరింత తరచుగా తాకుతుంది, మే నెలలో ఆ అంచు దాకా వెళ్లని కోర్ డిసెంబరులో వెళ్తుంది. ఎండలో నిరూపించుకున్న సెట్టింగును చలిలోనూ ఒకసారి పరీక్షించాలి. కోర్ 2ను మైనస్ 15 నుంచి మైనస్ 11కు తెమ్మన్నాను. అతనే బయోస్‌లో మార్చి, కోర్‌సైక్లర్‌ను రాత్రంతా నడిపి, మళ్లీ నమోదు రాలేదని చెప్పాడు. అన్ని విలువలనూ కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అతికించాడు, ఎందుకంటే బయోస్ అప్‌డేట్ చేస్తే ఇవన్నీ చెరిగిపోతాయి, పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు కూడా.